రంగమునుండి రాని కబురు

మా తాత రంగములో బియ్యపు మిల్లున పనిచేయుచుండెను. 1942లో జపాను సేనలు బర్మాపై బడగానే ఆయన ఉత్తరములు నిలిచిపోయెను. మా నాయనమ్మ నెలల తరబడి తపాలా బంట్రోతు వచ్చు దారి చూచుచు కూర్చుండెడిదట. "చెడుకబురునైన నోర్వవచ్చును గాని, కబురే లేకుండుట నోర్వరాదు" అని ఆమె నాతో పలుమారు చెప్పినది.

2021 ఫిబ్రవరి 1వ తేదీన నాకా మాట జ్ఞప్తికి వచ్చినది. ఆనాటి తెల్లవారుజామున, నేడు మయన్మారని పిలువబడు ఆ బర్మాలో, సేనాధిపతి మిన్ ఆంగ్ లయింగ్ రాజ్యమును చేజిక్కించుకొనెను. 2020 నవంబరు ఎన్నికలలో గెలిచిన పక్షపు నాయకురాలు ఆంగ్ సాన్ సూకీని, అధ్యక్షుడు విన్ మ్యింట్‌ను నిర్బంధించిరి. ఆ ఉదయముననే టెలిఫోనులు, ఇంటర్నెట్టు మూగవోయినవి. కొన్నినాళ్లకు ఫేస్‌బుక్కును మూసిరి. ఫిబ్రవరి నడుమనుండి రాత్రి ఒంటిగంట మొదలు ఉదయము తొమ్మిదివరకు ఇంటర్నెట్టు నాపిరి. మార్చిలో చేతిఫోనులకు దానిని అందకుండ జేసిరి. రాత్రివేళ సైనికులు ఇంటిలో జొరబడి మనుష్యుని గొనిపోయినను, ఆ సంగతి పొరుగూరికి తెలియు దారి లేకపోయెను.

మరి లోకమేమి చేసినది? అమెరికా, బ్రిటను, యూరపు సమాఖ్య సేనానాయకుల ఆస్తులను స్తంభింపజేసినవి. ఆగ్నేయాసియా దేశముల కూటమియగు ఆసియాన్ ఏప్రిల్ 24న జకార్తాలో అయిదు సూత్రముల నంగీకరించినది. హింస వెంటనే ఆగవలెనన్న మొదటి సూత్రమే నెరవేరలేదు. జూన్ 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ, ఆ దేశమునకు ఆయుధములు పోనీయవలదని 119 వోట్లతో తీర్మానించినది. కాదన్నది బెలారస్ ఒక్కటియే. 36 దేశములు ఎటును వోటు వేయలేదు. వానిలో చైనా, రష్యాలతోబాటు మన దేశమును గలదు. అట్టి తీర్మానమునకు ఎవరిని నిర్బంధించు శక్తియు లేదు.

నార్వేదేశపు టెలినార్ అను టెలిఫోను సంస్థ కథ వేరు. జనుల మాటలను పొంచి వినెడి యంత్రములను నడుపుమను ఒత్తిడి తనపై నున్నదని చెప్పి, 2022లో అక్కడి వ్యాపారము నమ్మివేసి వెడలిపోయినది. చందాదారుల వివరములు మాత్రము వెనుక నిలిచినవి.

పెద్దలారా, ఊరంతయు కట్టుబాటు చేసినను, దొడ్డిదారిని ఉప్పు, నూనె అందించువారుండిన ఆ కట్టు నిలుచునా? ఆయుధము లమ్మువారును, గ్యాసు కొనువారును ఆగనంతకాలము తీర్మానములు కాగితములే.

మా తాత కొండలు, అడవులు కాలినడకను దాటి ఇల్లు చేరెను. అంతవరకు మా నాయనమ్మను ఓదార్చినవారు పెక్కుమంది. ఆమె కోరినది ఒక్క కార్డు. దూరమున నున్నవారు చేయదగిన మొదటి సాయము, ఆ కార్డు వచ్చు దారిని తెరచియుంచుటయే.