తట్టు తగ్గిన తరువాతే అసలు గండం
(మొహల్లా ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో ఖస్రా అనే తట్టు వస్తే, దద్దుర్లు మాయమయ్యాక గండం గడిచిందని భావిస్తాం. కొన్ని వారాలకు అదే బిడ్డ నీళ్ల విరేచనాలతో మరణిస్తే, కారణం ‘విరేచనాలు’ అనే నమోదవుతుంది. తట్టు పేరు ఎక్కడా కనిపించదు. ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపినవాడిగా చెబుతున్నాను: కాగితం మీదికి ఎక్కని కారణానికి ప్రభుత్వం నిధులు కేటాయించదు.

ఈ రెండింటికీ సంబంధమేమిటి? తట్టు వైరస్ పేగుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. శరీరంలోని విటమిన్ ‘ఎ’ నిల్వలను హరిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పాత రోగాలను గుర్తుంచుకొని ఎదిరించే రక్షణ కణాలను నాశనం చేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. తట్టు సోకిన తరువాత వారి ప్రతిరక్షకాలలో 11 నుంచి 73 శాతం వరకు నశించినట్లు అందులో తేలింది. సంపన్న దేశపు పిల్లల స్థితే అది. పోషకాహారం, శుభ్రమైన నీరు కరువైన బస్తీ బిడ్డల మాటేమిటి?

తట్టు టీకాను విస్తృతంగా అందిస్తే ఐదేళ్లలోపు పిల్లల విరేచనాల మరణాలలో 6 నుంచి 26 శాతం వరకు నివారించవచ్చని ఫీచెమ్, కోబ్లిన్‌స్కీ అనే పరిశోధకులు 1983లోనే అంచనా వేశారు. అంటే తట్టు టీకా విరేచనాల నుండి కూడా రక్షణే.

2022లో ముంబయిలోని గోవండిలో తట్టు ప్రబలి పసిపిల్లలు మరణించారు. అది ముస్లింలు అధికంగా నివసించే పేద ప్రాంతం. వదంతులను నమ్మారని తల్లిదండ్రులను నిందించడం సులభం. ఇరుకు గదులు, పోషకాహార లోపం, కోవిడ్ కాలంలో తప్పిపోయిన టీకాలు, వీటికి బాధ్యులెవరు?

కనుక మన బాధ్యతనూ, మన హక్కునూ కలిపి చెబుతున్నాను. 9 నుంచి 12 నెలల మధ్య మొదటి టీకా, 16 నుంచి 24 నెలల మధ్య రెండవది ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, తప్పక వేయించండి. తట్టు సోకిన బిడ్డకు వైద్యుని ద్వారా వరుసగా రెండు రోజులు విటమిన్ ‘ఎ’ ఇప్పించండి. ఆపై కొన్ని నెలలు కనిపెట్టి ఉండండి. విరేచనాలు మొదలైతే తల్లిపాలు మాన్పించక, ఓ.ఆర్.ఎస్. పట్టిస్తూ, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇటీవల తట్టు వచ్చిందని వైద్యునికి చెప్పి, చీటీలో రాయించండి.

ఇమాములు జుమా నాడు టీకా తేదీలను ప్రకటించాలి. టీకా శిబిరంతో పాటు తాగునీటి కుళాయిని కూడా మన మొహల్లాకు రప్పించుకోవాలి. రెండూ మన బిడ్డల హక్కులే.

ఖుదా హాఫిజ్.