పెరటిలో మల్లె
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఇంటి వెనుక నాలుగు మూరల నేల గలవారికి పనికివచ్చు మాటలు కొన్ని చెప్పుమని సంఘమువారు నన్ను ఆజ్ఞాపించినారు. నాకు చేతనైనది మల్లె యొక్కటే కనుక దానిని గూర్చియే మనవి చేసెదను.

మనమున్న తావును బట్టి ఇరుగుపొరుగువారు దీనిని మల్లి యనియు, మల్లిగె యనియు, మోగరా యనియు పిలుచుచుందురు. మధుర మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. పేరేదైనను పొద యొకటే, దాని కోరికలు నొకటే.

మొదటి కోరిక ఎండ. రెండవది నీరు నిలువని నేల. గోడనీడను నాటినచో ఆకు దట్టమగును గాని పూవు పలుచబడును. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గల గోతిలో, బాగుగా చివికిన పశువుల యెరువు పది కిలోలు మట్టితో కలిపి నింపి నాటవలెను. రెండు మొక్కల నడుమ నాలుగడుగుల యెడము చాలును.

ఇక నేను చేసిన తప్పు చెప్పెదను. పచ్చని చెట్టును కోయుటకు చేయి రాక మా యింటి మల్లెను మూడేండ్లు కత్తెర తాకనీయలేదు. పొద ఆళ్ళెత్తు పెరిగినది. పూలు మాత్రము ఏటేట తగ్గినవి. మా అమ్మ చూచి, "ఆకును ముద్దుచేసి పూవును చంపుకొంటివి గదరా!" అని మందలించినది. ఆమె మాట నిజము. మల్లె ముదురుకొమ్మను పూయదు. క్రొత్త చివురు కొసనే మొగ్గ తొడుగును.

కావున నవంబరులో నీరు తగ్గించి పొదకు విశ్రాంతి నీయవలెను. ఆ నెల చివర మోకాలి యెత్తున, అనగా సుమారు 50 సెంటీమీటర్లకు, కొమ్మలను కత్తిరించి, ఎండుపుల్లలు తీసివేసి, మిగిలిన ఆకు దూయవలెను. పిమ్మట పాదు త్రవ్వి, ఎరువు వేసి, నీరు కట్టవలెను. ఉగాది నాటికి పెరడంతయు పరిమళించును.

లేతాకు ఈనెలు పచ్చగా నుండి నడిమి భాగము పసుపువన్నెకు తిరిగినచో ఇనుము లోపమని గ్రహింపవలెను. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లపూట చల్లిన నయమగును. పురుగు తొలిచిన మొగ్గలను పాదులో రాలనీయక ఏరి నాశనము చేయవలెను.

మా మనుమరాలికి బడిలో తెలుగు లేదు. పాదు, చివురు, అంటు, అన్నభేది అను మాటలు ఆ బిడ్డ మల్లెపొద దగ్గరనే నేర్చినది. నేనీ పని మానియుండినచో ఆ మాటలామెకు ఎవరు చెప్పియుందురు?

మన పెరటి బొండుమల్లె గింజతో వ్యాపింపదు. కొమ్మను వంచి, కణుపు క్రింద చిన్న గాటు పెట్టి, మట్టిలో పూడ్చి, పైన రాయి నుంచవలెను. వేరూనిన పిమ్మటనే తల్లి నుండి తెంపవలెను. ఇట్లొక చేతినుండి మరియొక చేతికి అందినగాని అది నిలువదు.

ఈ వర్షకాలమున మేము వేసిన అంట్లు ఆరు వేరూనియున్నవి. ఎండ తగులు చోటున్నవారు కార్తికము దాటకమున్నే వచ్చి తీసికొనిపోవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.