ద్రాక్ష రైతులు - వంద ఫ్రాంకుల నోటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ద్రాక్ష అనగానే మనకు హైదరాబాదు అనాబ్-ఎ-షాహి గుత్తులు గుర్తుకొస్తాయి. అది తినే పండు. ఫ్రాన్సు దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతంలో మాత్రం ద్రాక్ష అంటే వైన్, వైన్ అంటే రైతింటి కూడు. ఆ రైతుల కథ నాలుగు మాటల్లో మనవి చేస్తాను. తాగుడును మెచ్చుకోవడానికి కాదు, సంఘంగా నిలబడ్డవారి మంచిచెడ్డలు తెలుసుకోవడానికి.

1860 దశకంలో అమెరికా తీగలతోపాటు ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సులో దిగింది. కంటికి ఆనీ ఆననంత చిన్నది. వేళ్లకు పట్టి తీగను ఎండబెట్టేది. విరుగుడు చెప్పినవారికి ప్రభుత్వం 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించినా అది ఎవరికీ దక్కలేదు. చివరకు పురుగు వచ్చిన చోటునుంచే ఉపాయమూ వచ్చింది. పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరుపై ఫ్రెంచి తీగను అంటుగట్టారు.

రైతులు మళ్లీ తోటలు వేశారు. దిగుబడి పెరిగింది. దానికి అల్జీరియా సరుకు, పంచదారతో చేసిన కల్తీ సరుకు తోడై ధర పడిపోయింది. 1907 మార్చి 11న ఆర్జెలియే గ్రామం నుంచి 87 మంది రైతులు విచారణ సంఘానికి గోడు చెప్పుకోవడానికి నార్‌బోన్ పట్నం వెళ్లారు. వారికి పెద్ద మార్సెలిన్ ఆల్బేర్ అనే చిన్న రైతు. ఊళ్లో కాఫీ హోటలు కూడా నడిపేవాడు. జూన్ 9న మోంపెల్యే సభకు 5 లక్షలకు పైగా జనం వచ్చారు. 87 ఎక్కడ, 5 లక్షలెక్కడ!

ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. నార్‌బోన్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 17వ పదాతి దళంలో దాదాపు 500 మంది సిపాయిలు తిరగబడ్డారు. వారిలో చాలామంది ఆ ప్రాంతపు బిడ్డలే మరి.

అరెస్టు తప్పించుకుని ఆల్బేర్ పారిస్ చేరి ప్రధాని క్లెమెన్సోను కలిశాడు. ప్రజలను శాంతింపజేస్తానని మాట ఇచ్చాడు. తిరుగు రైలుకు ప్రధాని ఇచ్చిన 100 ఫ్రాంకుల నోటు పుచ్చుకున్నాడు. ప్రధాని ఆ సంగతి పత్రికలవారికి చెప్పేశాడు. అంతే! నిన్న దేవుడన్నవారే నేడు అమ్ముడుపోయాడన్నారు. 1921లో ఆయన పేదవాడిగానే కన్నుమూశాడు.

పోరాటం మాత్రం వృథా కాలేదు. 1907 జూన్ 29న కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. సెప్టెంబరులో రైతులు సమాఖ్యగా ఏర్పడి కల్తీపై నిఘా తామే పెట్టుకున్నారు.

మిత్రులారా! రైలు చార్జీకి డబ్బు లేకపోవడం ఆల్బేర్ నిజాయితీకి రుజువు. అదే ఆయన పరువు తీసింది. తప్పు ఆయనదొక్కడిదేనా? 5 లక్షల మందికి నాయకుడైన మనిషికి టిక్కెట్టు డబ్బు ఆ 5 లక్షల మందీ ఇవ్వవద్దా? మన పనిమీద ఊరికి వెళ్లే కార్యదర్శికి బస్సు చార్జీ మన చందాలోంచే పోవాలి, రసీదు మన ఫైలులోనే ఉండాలి. చందా బాకీ ఉన్నవారు దయచేసి ఈ మాట గుర్తుంచుకోవాలి.