జీతం ఖాతా మారినప్పుడు, ఇంటి ఋణం అడుగబోయే ముందు
(ద్వారక సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం నేను కరువు భత్యం గురించి గాని, బోనసు గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఒకనాడు పప్పన్‌కలాన్ అని పిలువబడిన ఈ ద్వారకలో, సొసైటీ ఫ్లాట్లలో అద్దెకుంటున్న మన సభ్యులనేకులు సొంత ఇంటికై ఋణం కోరుతున్నారు. వారిలో ఒకరికి కలిగిన నష్టాన్ని మీ ముందుంచుతాను.

ఆయన పనిచేసే చోట యాజమాన్యం జీతాల బ్యాంకును మార్చినది. ఫ్రిజ్ కొన్న బాకీ తాలూకు నెలకు 1,800 రూపాయల వాయిదా మాత్రం పాత ఖాతా నుండే పోవలసియున్నది. ఆ ఖాతాలో డబ్బు లేదు. రెండు వాయిదాలు తిరిగిపోయినవి. ఆయనకు ఆ సంగతి తెలిసినది గృహఋణం కోరిన నాడే! అడిగిన వడ్డీకి బ్యాంకు ఒప్పుకోలేదు. అర శాతం ఎక్కువ చెప్పినది. 30 లక్షల ఋణానికి, 20 సంవత్సరాల గడువుకు, ఎనిమిదిన్నర శాతానికీ తొమ్మిది శాతానికీ తేడా నెలకు దాదాపు 957 రూపాయలు. మొత్తం మీద రెండు లక్షల ముప్పది వేలకు దగ్గర. ఫ్రిజ్ ఖరీదెంత, ఈ దండుగ ఎంత?

పూర్వం మేనేజరు మన ముఖమూ, జామీనుదారు ముఖమూ చూసేవాడు. ఆ పద్ధతిలో అన్యాయం లేకపోలేదు. కాని ఎదుట మనిషి ఉండేవాడు. 2000లో సిబిల్ ఏర్పడినది. 2005లో చట్టం వచ్చినది. నేడు నాలుగు సంస్థలు మన బాకీల చరిత్రను భద్రపరచి, 300 నుండి 900 వరకు అంకె వేస్తున్నవి.

కేవలం పొదుపు ఖాతా తెరచినందువలన ఆ అంకె తగ్గదు. ఖాతాతోబాటు “ఉచితం” అంటూ చేతికిచ్చే క్రెడిట్ కార్డు ఫారం వేరు. దానిపై సంతకం పెట్టితిరా, ఋణం కోరినట్లే; బ్యాంకు విచారణ మీ నివేదికలో తేదీతో సహా నమోదవుతుంది. ఏజెంటు మాట నమ్మి ఒకే వారంలో ఐదు బ్యాంకులకు దరఖాస్తు పెట్టినచో ఐదు విచారణలు పడతాయి. తరువాత చూసే బ్యాంకు, ఈయనకు డబ్బు కటకట కాబోలని అనుకుంటుంది. మీ నివేదిక మీరే చూసుకొన్నందువలన మాత్రం ఏ నష్టమూ లేదు. 2017 నుండి ప్రతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసియున్నది. దరఖాస్తుకు మూడు నాలుగు నెలల ముందే తెప్పించుకొనండి.

పాత ఖాతాను వెంటనే మూసివేయకండి. ప్రతి వాయిదాకూ కొత్త ఖాతాపై మాండేటు ఇచ్చి, రెండు నెలలు అక్కడినుండి సవ్యంగా కోత పడినది చూసిన పిదపనే మూయండి. జీతం పడడం ఆగితే అది మామూలు ఖాతాగా మారి, కనీస నిల్వ లేదని కోత పడవచ్చును. వాయిదా కోసం ఉంచిన సొమ్ము ఆ విధంగానే తరిగిపోతుంది.

నివేదికలో తప్పున్నచో వ్రాతమూలకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజులలో పరిష్కరించనిచో, ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆయన విషయంలో తప్పుడు నమోదు ఏదీ లేదు. వాయిదా నిజంగానే తప్పినది. కాని తప్పించినదెవరు? ఆ బ్యాంకు మార్పును యాజమాన్యం ప్రకటించినది ఎనిమిది రోజుల ముందు.

అందుచేత, జీతాల బ్యాంకును మార్చదలచినచో మూడు నెలల నోటీసు ఇవ్వాలనే కోరికను ఈసారి కోర్కెల పత్రంలో చేర్చినాము. పత్రం గుమ్మం దగ్గరి బల్లపై ఉన్నది. సంతకం చేయనివారు చేసి వెళ్లండి.