నారింజ వన్నె, ఆకుపచ్చ వన్నె: క్రోమియము చేయు మేలును కీడును
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటలాడదలచిన విషయము ఈ సభకు కొంత వింతగా తోపవచ్చును. అది సాహిత్యమును గూర్చి కాదు, సంగీతమును గూర్చి కాదు. ఒక లోహమును గూర్చి. సేలములోనేమి, షోలాపురములోనేమి తరతరములుగా స్థిరపడిన మనవారిలో మగ్గమును, రంగుతొట్టిని నమ్ముకొని బ్రతికిన కుటుంబములు అనేకములు. మా పెదతాతగారును రంగుపనివారే. ఆయన వ్రేళ్లమీద గుండ్రని, లోతైన మచ్చలుండెడివి. "రంగు తిన్నదిరా అబ్బాయీ" అని నవ్వుచు చెప్పెడివారు. రసాయన శాస్త్రము చదివిన పిదపగాని, తిన్నది రంగు కాదనియు, రంగును నూలుకు పట్టించుటకై వాడిన బైక్రోమేటనియు నాకు తెలియలేదు. ఆ తెలివి ఆయనకు ముందే కలిగియుండినచో ఆ మచ్చలుండెడివి కావు. అందుచేతనే ఈ ప్రసంగము.

1797వ సంవత్సరమున వోక్లాఁ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు సైబీరియానుండి వచ్చిన ఎఱ్ఱని సీసపు ఖనిజమును పరీక్షించి, అందొక క్రొత్త లోహము కలదని కనుగొనెను. దాని లవణములు పలు వన్నెలుగా నుండుటచే, గ్రీకు భాషలో రంగు అను అర్థమిచ్చు 'క్రోమా' అను పదమునుండి దానికి క్రోమియమను పేరు వచ్చినది. కెంపునకు ఎఱుపును, మరకతమునకు పచ్చదనమును ఇచ్చునది ఈ లోహపు లేశమే.

ఈ లోహమునకు ముఖ్యముగా రెండు అవస్థలు కలవు. మూడు సంయోజకత గలది మొదటిది. దాని లవణములు సాధారణముగా ఆకుపచ్చ వన్నెగా నుండును. ఆరు సంయోజకత గలది రెండవది. క్రోమేటులు పసుపుగాను, బైక్రోమేటులు నారింజ వన్నెగాను ఉండును. మన దేశపు క్రోమైటు నిల్వలలో నూటికి తొంబదికి మించి ఒడిశాలో, ముఖ్యముగా జాజ్‌పూర్ జిల్లాలోని సుకిందా లోయలో కలవు. ఆ ఖనిజములోని క్రోమియము మొదటి అవస్థలోనిదే. దానిని సోడాతో కలిపి గాలి తగులునట్లు కాల్చినప్పుడు క్రోమేటు పుట్టును. అనగా లోకమున కానవచ్చు నారింజ వన్నె క్రోమియములో అత్యధిక భాగము మానవుని కొలిమినుండి వచ్చినదే.

దాని ఉపయోగములు సామాన్యమైనవి కావు. ఉన్నిని బైక్రోమేటు నీటిలో కాచినచో, ఉన్నియే దానిని ఆకుపచ్చ అవస్థకు దింపి తనలో నిలుపుకొనును. పిదప వేసిన రంగు ఆ లోహమును పట్టుకొని ఉతుకునకును, ఎండకును చెక్కుచెదరక నిలుచును. కాచుతో అద్దిన నూలునకు గట్టి గోధుమ వన్నె వచ్చుటకును, అనిలీను నలుపు నలుపెక్కుటకును బైక్రోమేటే తోడ్పడినది. తోళ్లను ఊనుటలో నేడు లోకమంతటను ఎక్కువగా వాడబడునది ఆకుపచ్చ క్రోమియము. ప్రయోగశాలలలో బైక్రోమేటును గాఢ గంధకామ్లమునందు కలిపి గాజు పాత్రలను శుభ్రపరచుట చిరకాలము ఆచారముగా నుండెను. 1954లో అమెరికాలో వెలువడిన ఒక యంత్రములో త్రాగుబోతు ఊపిరి తగిలినంతనే నారింజ వన్నె ద్రావణము ఆకుపచ్చవైపు తిరిగెడిది, సారాయి బయటపడెడిది. ఈ వన్నె మార్పును జ్ఞాపకముంచుకొనుడు. తిరిగి దానియొద్దకే వత్తును.

ఇక కీడు. ఆకుపచ్చ క్రోమియము శరీర కణములలోనికి సులభముగా చొరజాలదు. నారింజ వన్నెది చొచ్చును; చొచ్చి లోపల కణములను చెఱచును. 1827లోనే స్కాట్లండులోని గ్లాస్గో నగరపు రంగుపనివారి చేతులపై ఈ పుండ్లను ఒక వైద్యుడు వర్ణించియుండెను. చిన్న గీరుడున్నచోట బైక్రోమేటు తగిలినచో గుండ్రని లోతైన పుండు ఏర్పడును. నొప్పి అంతగా నుండదు; అందుచేతనే జనులు దానిని ఉపేక్షింతురు. దాని ధూళియు, ఆవిరి తుంపురులును ముక్కులోని నడిమి గోడకు రంధ్రము చేయును. ఏండ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగునని 1990లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించినది. కడుపులోనికి కొద్ది గ్రాములు పోయినను మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగును. చక్కని నారింజ పలుకులను పసిపిల్లలు కలకండయని భ్రమపడుట అసంభవము కాదు.

నీటి సంగతి వినుడు. త్రాగు నీటిలో లీటరునకు 0.05 మిల్లీగ్రాములకు మించి క్రోమియము ఉండరాదని నియమము. లెక్క వేసి చూచినచో, ఒక్క గ్రాము పొటాసియము బైక్రోమేటు ఏడువేల లీటర్ల నీటిని ఆ హద్దునకు చేర్చగలదు. పసుపు వన్నె కంటికి కనబడుసరికే ఆ హద్దు ఎన్నో మడుగులు దాటియుండును. తమిళనాడులోని రాణిపేటలో 1990వ దశకమున మూతపడిన ఒక క్రోమేటు కర్మాగారము విడిచిపోయిన వ్యర్థము లక్ష టన్నులకు మించినది. కర్మాగారము పోయినను దాని విషము భూగర్భ జలమును విడువలేదు. అది పెద్ద పాపము. కాని పెరటిలో పారబోసిన తొట్టి నీరు చిన్నదైనను ఆ జాతిలోనిదే.

అటులైన మనము చేయవలసినదేమి? మొదటిది, వాడకుండుట. అనేకములైన రంగులను గాలితోనో, హైడ్రోజను పెరాక్సైడుతోనో నిలుపవచ్చును. పూర్వులు పటికతో నిలిపిరి. రెండవది, వాడక తప్పనిచో రబ్బరు తొడుగులు, ముక్కునకు ముసుగు, విడి గది కావలెను. డబ్బాపై ఇంటివారందరు చదువగల భాషలో "విషము" అని వ్రాయవలెను. ఇంగ్లీషు చీటీ మా పెదతాతగారికి ఏమి చెప్పగలిగెడిది? చర్మమునకు తగిలినచో వెంటనే ధారాళమైన నీటితో కడుగవలెను. మ్రింగినచో క్షణమాలసింపక వైద్యశాలకు కొనిపోవలెను.

మూడవది ముఖ్యమైనది. నారింజ నీటిని నారింజ నీటిగా బయటికి విడువరాదు. సామూహిక శుద్ధి కేంద్రమున్నచోట దానికే పంపవలెను. అచ్చట జరుగునది మన యంగడిలో దొరకు అన్నభేదితో కూడ జరుగును. ఆమ్లము చేర్చిన నీటిలో ఒక పాలు బైక్రోమేటునకు ఆరు పాళ్లకు తగ్గకుండ అన్నభేది వేసినచో నారింజ వన్నె పోయి ఆకుపచ్చవైపు తిరుగును. పిదప సున్నపు తేటకు బదులు సున్నపు పాలు కలిపినచో క్రోమియము మడ్డిగా అడుగునకు దిగును. ఆ మడ్డియు పొలమున చల్లదగినది కాదు. ప్రమాదకర వ్యర్థములను స్వీకరించు చోటికే చేర్చవలెను. ఈ పని తెలిసినవారి యెదుట నేర్చుకొని చేయవలెనేగాని వినికిడితో చేయరాదు.

రంగు తొట్టి మన పెద్దలకు అన్నము పెట్టినది. దానిని నిందించుటకు నేను రాలేదు. నేడును ఆ పనిలో నున్న యువకులెవరైన ఈ సభలో నున్నచో, ఇంటికి పోయిన వెంటనే ఒక్కసారి తమ చేతులను, తమ బావి నీటిని చూచుకొందురు గాక. మా యింట ఆ చూపు ఒక తరము ఆలస్యముగా వచ్చినది.