కూల్చే ముందు రెండో అంచనా



పిడుగురాళ్ల సున్నం, మాచర్ల నాపరాయి, చుట్టుపక్కల ఫ్యాక్టరీల సిమెంటు. ఎన్నో ఊళ్లను నిలబెట్టింది మన పల్నాడు రాయి. ఆ రాయి లెక్క ఒకటి ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీ కెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోల సున్నం. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తాయి. బట్టీలో ఏ ఇంధనం వేసినా ఈ 44 తగ్గదు, అది రాయిలోంచే వస్తుంది కాబట్టి. బట్టీలు, ఫ్యాక్టరీలు మనలో ఎందరికో అన్నం పెట్టాయి. వాటిని తిట్టడానికి రాలేదు. అంత మూల్యం చెల్లించి లేపిన గోడను ఊరికే కూల్చవద్దని చెప్పడానికి వచ్చాను.

కూల్చకుండా వాడుకున్న కట్టడాలు చూడండి. విజయవాడ బందరు రోడ్డులో విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల గుర్తుగా కట్టిన భవనం ఉంది. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించింది అక్కడే. తర్వాత అది మ్యూజియమైంది. 2020లో బాగుచేసి బాపు మ్యూజియంగా తెరిచారు. హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఆడపిల్లల కాలేజీ అయింది. దొరల కొలువు పోయినా గోడలు పనికొచ్చాయి.

రాజభవనాలే అక్కర్లేదు. మూతపడ్డ జిన్నింగ్ మిల్లు, ఖాళీ గోదాము, పాత బడి చాలు. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు వాటిని చల్లబరిచే పని వరస చెప్పక్కర్లేదు: కప్పు మీద తెల్లని పూత, పడమటి గోడకు వసారా, వేడిగాలి పోవడానికి ఎత్తున వెంటిలేటర్లు. ఏసీ ఆఖరున, అదీ చిన్నది. మనది పొడి ఎండ. వడగాలి వేళ కిటికీలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరిస్తే, మందపాటి రాతిగోడ ఆ చల్లదనాన్ని మర్నాడు చాలాసేపు నిలుపుతుంది. బాపట్ల తీరంలో ఇదే పద్ధతి పెడితే జనం ఉక్కకు తాళలేరు. అక్కడ పగలూ గాలి ఆడాలి. ఊరిని బట్టి ఉపాయం.

పాతదల్లా బంగారమని నేననను. నల్లరేగడిలో పునాది కదిలిందేమో, స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతోందేమో పరీక్షించండి. నిలవనిదాన్ని నిలబెట్టకండి. డంగుసున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయకండి. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ పాడవుతుంది.

రేపు మీ దగ్గరికొచ్చే యజమాని, "పాతది తీసేసి కొత్తది కట్టండి బాబూ" అంటాడు. వెంటనే తల ఊపకండి, వాదనకూ దిగకండి. రెండు అంచనాలు వేసి ముందు పెట్టండి. కొత్తది కడితే ఎన్ని బస్తాల సిమెంటు, ఎంత ఇనుము, ఎన్ని నెలలు? ఉన్నది బాగుచేస్తే ఎంత? మొదటి అంచనా ఎవరైనా వేస్తారు. రెండోది వేయాలంటే కొలవాలి, గోడ తట్టి చూడాలి, ఎండలో మిద్దెక్కాలి. పల్నాడుకు ఆ పని చేసే ఇంజనీర్లు కావాలి.