కలిగిన ఊళ్లో మన కాపురాలు

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

పొదుపు లెక్క, అప్పుల లెక్క ఈ పుస్తకంలో అచ్చు వేశారు కాబట్టి మళ్లీ చదవం. భీమవరంలో మన బతుకు గురించి రెండు మాటలు చెప్పమన్నారు. రెండు మాటలతో తేలేది కాదండి, అయినా చెబుతాం.

మన ఊరి పేరు చెప్పగానే బయటివాళ్లు అనే మొదటి మాట, "మీకేం తక్కువండీ, డబ్బున్న ఊరు కదా" అని. ఆయ్, నిజమేనండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలవ నీళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల వరి పండింది. రైసు మిల్లులు లేచాయి, తర్వాత చేపల చెరువులు, ఆ తర్వాత రొయ్యలు. 2009లో వనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చాక ఊరి వాటమే మారిపోయింది. ఇంజనీరింగు కాలేజీలు, కార్ల షోరూములు, బంగారం కొట్లు, ఏసీ కల్యాణ మండపాలు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా అయ్యింది. పుట్టింటికెళ్తే ముందు మనమే అంటాం, "మా ఊళ్లో లేనిదేవుంది" అని.

ఆ ఉన్నదాన్ని తుడిచేదీ, తోమేదీ, వడ్డించేదీ మనమే. సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు వందల రకాలు పెట్టారని పేపర్లో ఫొటో వస్తుంది. అందులో అరిసెలు ఎవరు వత్తారో, సున్నుండలకి మినుములు ఎవరు వేయించారో ఆ ఫొటోలో ఉండదు. పండగ నాలుగు రోజులూ మనకి కూలి బాగానే వస్తుందనుకోండి. ఆ కూలి పందెం బరిలో పోకుండా ఇంటికి చేరితే అదే పెద్ద పండగ. చట్టం వద్దన్నా పందేలు ఆగవు, మగాళ్లూ ఆగరు. ఈ సంగతి మీకు మేము చెప్పాలా?

రొయ్యల షెడ్డుకి వెళ్లే వాళ్లం మాలో నలుగురం ఉన్నాం. తెల్లారకముందే వ్యాను వస్తుంది. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తల తీయడం, తొక్క ఒలవడం, కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి వేళ్లు మొద్దుబారి అన్నం ముద్ద కలపడానికి రావు. ఎన్నిసార్లు సబ్బు రాసినా వాసన పోదు, ఆటోలో పక్క సీటావిడ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. 2025 ఆగస్టులో అమెరికా వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఊరంతా కౌంటు రేటు మాటే. రైతుకి ఎంత పోయిందో పేపర్లో వచ్చింది. మా నలుగురికీ పని రోజులు తగ్గిన సంగతి మా సంఘం పుస్తకంలోనే కనిపిస్తుంది. ఆ నెలల్లో పొదుపు తేదీ దాటాక కట్టాం.

జిల్లా అయ్యాక అద్దెలు పెరిగాయి. రెండు గదులకి చెప్పిన అద్దె విని మాలో ఒకరు ఉండి వైపు పల్లెకి కాపురం మార్చేశారు. ఇప్పుడు మిగిలిన అద్దె ఆటో వాడికి ఇస్తున్నారు. ఇక నీళ్లు. ఊరి చుట్టూ చెరువులు, ఊరి మధ్యన కాలవ, తాగడానికి మాత్రం క్యాను కొనుక్కోవాలి. యనమదుర్రు డ్రెయిను పక్కన ఉండేవాళ్లని అడగండి, ఇంకా చెబుతారు.

అసలు మేము చెప్పాలనుకున్నది ఇవన్నీ కాదు. ఒక తప్పు సంగతి. అది మేమే చేశాం.

మా సంఘంలో ఒక చెల్లెలు బ్యాంకు అప్పులో తన వాటా 50 వేలు తీసుకుంది. తీర్మానం పుస్తకంలో "చీరల వ్యాపారం" అని రాశాం. ఆమె ఏ చీరలూ అమ్మదని మా పది మందికీ తెలుసు. ఆ డబ్బు కూతురి ఓణీల ఫంక్షన్‌కి. తెలిసే సంతకాలు పెట్టాం, వెళ్లి భోజనం చేశాం, ఫొటో దిగాం. మూడో నెల వాయిదా రాలేదు. నాలుగోదీ రాలేదు. ఆమె మీటింగుకి రావడం మానేసింది, మేము కనబడితే సందు మార్చి వెళ్లేది. బ్యాంకు దగ్గర సంఘం పేరు పోకూడదని మిగతా తొమ్మిది మందిమీ వేసుకుని కట్టాం. అలా వేసుకున్నందువల్ల, మాలో ఒకావిడ భర్తకి ఆపరేషను అయినప్పుడు పెట్టెలో డబ్బు లేదు. ఆవిడ మెళ్లో గొలుసు తాకట్టు పెట్టింది. అది ఇంకా విడిపించలేదు.

ఒకరోజు అందరం కలిసి చెల్లెలి ఇంటికి వెళ్లాం. తిట్టాలనే వెళ్లాం. ఆమె టీ పెట్టి ఇచ్చి చెప్పింది. తను పనిచేసే ఇంట్లో అమ్మాయికి పెద్ద మండపంలో ఫంక్షన్ చేశారట. కూతుర్ని కూడా సాయానికి తీసుకెళ్లింది. ఆ పిల్ల సాయంత్రం నుంచి రాత్రి దాకా నిలబడి ఐస్‌క్రీం కప్పులు అందించింది. తన ఈడు పిల్లకే. "నాకూ చెయ్యమ్మా అని అది అడగలేదక్కా. అడిగితే లేదని చెప్పేదాన్నే. అడగలేదని చేశాను" అంది. టీ తాగేసి వచ్చేశాం.

ఆ తర్వాత రెండు నెలలు ఇదే చర్చ. కలిగినవాళ్లు ఖర్చు పెట్టుకుంటే వాళ్ల ఇష్టం. మన చదివింపులు ఎందుకు పెరిగాయి? మన అమ్మల కాలంలో 16 రూపాయలు చదివించేవారు. ఇప్పుడు 516 అయితే మొహం చిన్నబోతుంది, 1,116 అయితేనే ఎదురొచ్చి కూర్చోబెడతారు. మనలో మనమే ఇలా చేస్తున్నాం, పెద్ద మేడల వాళ్లెవరూ వచ్చి అడగలేదు. అందుకని రెండు తీర్మానాలు రాశాం. సంఘం సభ్యులు ఒకరి ఇంటికి ఒకరు 116 మించి చదివించకూడదు. ఫంక్షన్‌కి అప్పు కావాలంటే "ఫంక్షన్" అనే రాయాలి, అదీ మన పొదుపులోంచి, పది మంది ఒప్పుకున్నంతే. బ్యాంకు డబ్బు ముట్టకూడదు.

మొదటి నెలలోనే మాలో ఒకావిడ కవర్లో 516 పెట్టి ఇచ్చింది. పుచ్చుకున్నావిడ మర్నాడు మిగతా 400 తెచ్చి మీటింగులో బల్ల మీద పెట్టింది. ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు లెండి.

ఆ చెల్లెలు తిరిగి వస్తోంది. నెలకి 500 కడుతోంది, బాకీ ఇంకా చాలా ఉంది. ఈ సంగతి సభలో చెప్పమని ఆమే అంది, పేరు మాత్రం వద్దంది. ఆమె కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

మా తీర్మానం పుస్తకం వెంట తెచ్చాం. 116 మాట మీ సంఘాల్లో కుదురుతుందో కుదరదో మాకు తెలియదు. కుదరదనే వాళ్లే ముందు రండి, భోజనాల దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం.